నాలుగు నాజిళ్ళు

కాటా గది,
మార్చి 4

బావమరిదీ,

ఫోను నా చేతికివ్వనని మీ అక్క తెగేసి చెప్పింది. బండి గురించి మనిద్దరం మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా అరుచుకుంటామట, పక్కింటివాళ్ళు తలుపులేసుకుంటున్నారట. "కాగితం మీద రాసుకోండి. అక్కడ ఎంత అరుచుకున్నా నాకు వినపడదు" అంది. అందుకే ఈ తిప్పలు.

సంగతేమిటంటే, నాకు పని వచ్చేలా ఉంది. కాటా పని కాదు, అసలు పని. కొండ మీద కొత్తగా మొక్కలు నాటుతున్నారు. కింద నర్సరీ నుంచి పైన స్టేషనుకి రోజూ పొద్దున్నే మొక్కల ట్రేలు చేరవెయ్యాలి. ఎండ ఎక్కితే మొక్కలు వాడిపోతాయి కాబట్టి, ఆరు వందల కిలోల బరువుతో నలభై నిమిషాల్లో పైకెక్కే బండి కావాలంటున్నారు నర్సరీ ఆఫీసరమ్మ. మే పదో తారీకున పరీక్ష. నెగ్గితే ఒకప్పుడు నేను సామాను తోలిన కొండ దారి మూడేళ్ళు మళ్ళీ నాదే.

తొమ్మిదేళ్ళుగా ఈ గదిలో కూర్చుని ఏం చేస్తున్నాను చెప్పు? లారీ కాటా ఎక్కుతుంది, బటన్ నొక్కుతాను, చీటీ చింపి ఇస్తాను, లారీ దిగిపోతుంది. అవన్నీ ఎక్కడికో పోతాయి, నేను మాత్రం ఇక్కడే. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఈ అవకాశం పోతే ఇంకోటి రాదని నాకు తెలుసు.

చిక్కల్లా మన జీపుతోనే. నిన్న ఖాళీగా ఎక్కించి చూస్తే యాభై ఎనిమిది నిమిషాలు పట్టింది. దారిలో పాల సైకిలువాడు నన్ను దాటి వెళ్తూ చెయ్యూపాడు! ఇక్కడ స్పేర్‌పార్టుల షాపాయన ఇంజెక్టర్ల మూతులకి ఐదు చిల్లుల కొత్త రకం నాజిళ్ళు వేయించమంటున్నాడు. డీజిల్ పొగమంచులా సన్నగా కొడుతుందట, పాత ఇంజను కూడా లేచి కూర్చుంటుందట. నాలుగు ఇంజెక్టర్లూ నీ టెస్టరు మీద పెట్టి, ప్రెషర్ సెట్ చేసి పంపు. నా ఇంజను మీద నీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వనని నీకు తెలుసుగా.

మీ బావ

*

పంపు షాపు,
మార్చి 12

బావా,

నీకు పని వస్తోందంటే షాపులో అందరికీ చెప్పేశాను. చాలా సంతోషంగా ఉంది.

కానీ ఈ స్పేర్‌పార్టులవాళ్ళ మాటలు వినకు. వాళ్ళకి అమ్ముడుపోతే చాలు. కొత్త నాజిళ్ళు, ఐదు చిల్లులు, పొగమంచు, ఇవన్నీ కొత్త బండ్లకి. మన పాత ఇంజనుకి పడవు. ఇరవయ్యారేళ్ళుగా బండ్ల డీజిల్ పంపులు, నాజిళ్ళు బాగుచేస్తూ బతుకుతున్నవాణ్ణి చెబుతున్నాను. నీ ఇంజెక్టర్లు నేనే కదా ఏటా కడిగి బిగిస్తున్నది, అవి భేషుగ్గా ఉన్నాయి. వాటి జోలికి పోకు.

ముందు ఎయిర్ ఫిల్టరు మార్చు. క్లచ్చి జారుతోందేమో చూడు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టు. వెనక బ్రేకులు పట్టేస్తున్నాయేమో జాకీ ఎత్తి చేత్తో తిప్పి చూడు. సగం రోగం అక్కడే ఉంటుంది.

అక్కకి మోకాలి నొప్పి తగ్గిందా? 

నీ బావమరిది

*

కాటా గది,
మార్చి 25

బావమరిదీ,

ఫిల్టరు మార్చాను. క్లచ్చి కొత్తది వేయించాను. టైర్లు, బ్రేకులు, చక్రాల గ్రీజు, నువ్వు చెప్పినవీ చెప్పనివీ అన్నీ చేశాను. సీటు కింద నుంచి మీ అక్క పాత చెప్పులు కూడా తీసేశాను, బరువు తగ్గుతుందని. ఇంత చేస్తే ఎంత పట్టిందో తెలుసా? యాభై ఆరు. రెండు నిమిషాలు! అది కూడా సైకిలువాడు ఆ రోజు రాలేదు కాబట్టి చూసినవాడు లేడు.

నాకు ఒక్క విషయం అర్థం కావడం లేదు. ఏ బండిలోనైనా కొత్త సామాను వేద్దామంటే ముందు ఎగిరేది నువ్వే. నువ్వే ఇలా నీళ్ళు నములుతున్నావేం? షాపులో పని ఎక్కువైతే చెప్పు, అర్థం చేసుకుంటాను. కుంటిసాకులు మాత్రం చెప్పకు.

వచ్చే ఆదివారం ఇంజెక్టర్లు నేనే విప్పుతాను. విప్పి నీకు పార్శిల్ చేస్తాను. నీ పని తగ్గినట్టేగా!

నొప్పి తగ్గిందట. నిన్ను అడిగానని చెప్పమంది.

మీ బావ

*

పంపు షాపు,
మార్చి 30

బావా,

విప్పకు. దయచేసి విప్పకు. ఆ నట్లు పాతవి, విరిగితే ఇంజను తలకాయే దించాల్సొస్తుంది. ఏప్రిల్ ఆఖర్న నేనే వస్తాను, వచ్చి నా చేత్తో విప్పుతాను. అప్పటిదాకా ఆగు. పరీక్షకి ఇంకా టైముంది కదా.

ఉత్తరం అందగానే ఆగానని ఒక్క ముక్క రాయి.

నీ బావమరిది

*

కాటా గది,
ఏప్రిల్ 6

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం వచ్చేసరికే విప్పేశాను. ఒక్క నట్టూ విరగలేదు, వెన్నలో చెంచా దించినట్టు వచ్చాయి. కానీ ముందు కూర్చో. చేతిలో ఏదైనా ఉంటే కింద పెట్టు.

నిన్ను ఎవరో మోసం చేశారురా!

నాజిల్ మెడ మీద సన్నటి నంబరు ఉంది. నా కళ్ళజోడుకి అందక పక్కింటి టీచరమ్మ చేత చదివించి, కాగితం మీద రాసుకుని షాపాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన లావుపాటి పుస్తకం తిరగేసి, ఇంకోసారి తిరగేసి, నా మొహంలోకి చూశాడు. "ఇవి మీ జీపువి కావు సార్. పొలానికి నీళ్ళు తోడే పంపుసెట్టు ఇంజనువి. పైకి కొలత ఒకటే కాబట్టి కూర్చున్నాయి. చిల్లు సన్నం. మీరు ఎంత తొక్కినా ఇవి పోసేది ఇంతే" అన్నాడు. నాలుగూ అంతే. నాలుగూ!

పదకొండేళ్ళ కిందట సర్వీసుకి తెచ్చినప్పుడు నాజిళ్ళు అరిగాయని కొత్తవి వేశావు గుర్తుందా? ఆ నాజిళ్ళ పెట్టె అమ్మినవాడు నీకు పంపుసెట్టువి అంటగట్టాడు. నువ్వు నమ్మి బిగించావు, పాపం. వాడెవడో చెప్పు. నేను వచ్చి వాడి షాపు ముందు కూర్చుంటాను.

ఈ ఉత్తరం రాస్తుంటే నవ్వొస్తోంది, వెంటనే ఏడుపొస్తోంది. పదకొండేళ్ళురా! ఆ ఏడాది నుంచే కదా బండి నడక పోయింది? లారీలవాళ్ళు నాకు తాబేలని పేరు పెట్టారు. బండి నడిపే నా నేర్పే పోయిందనుకున్నాను. గేరు ఎప్పుడు మార్చాలో నాకు తెలియకుండా పోయిందనుకున్నాను. మీ అక్కకి చెప్పకుండా కళ్ళ డాక్టరు దగ్గరికి, గుండె డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. సామాను ఆలస్యమవుతోందని రూటు తీసేసినప్పుడు ఎదురు మాట్లాడలేదు. వయసైపోయింది, వీళ్ళు చెప్పింది నిజమే కదా అని వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాను.

నేను కాదురా! నాజిళ్ళు!

వెంటనే రాయి.

మీ బావ

*

పంపు షాపు,
ఏప్రిల్ 11

బావా,

నన్నెవరూ మోసం చెయ్యలేదు. తెలిసే వేశాను.

ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. నీ ఉత్తరంలో "పాపం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంక సాకులు చెప్పలేను.

ఆ ఏడాది కల్వర్టు మలుపులో నీ వెనక చక్రం రోడ్డు దాటి గాల్లోకి పోయింది. అక్క నీ పక్కనే ఉంది. రాయి జారిందని అందరికీ చెప్పావు. బండి సర్వీసుకి వచ్చినప్పుడు నేను టైరు అంచు మీద పడ్డ గీత చూశాను బావా. అది రాయి చేసిన గీత కాదు. నువ్వు ఎంత వేగంతో మలుపు తిప్పావో దాని మీద రాసే ఉంది. అప్పట్లో నువ్వెలా నడిపేవాడివో నీకూ తెలుసు. లారీని దాటకపోతే నీకు నిద్రపట్టేది కాదు.

నాకు భయమేసింది. బండి వేగం తగ్గించాలనుకున్నాను. డీజిల్ పంపు మీద స్క్రూ తగ్గిస్తే దారిలో ఏ మెకానిక్కైనా ఐదు నిమిషాల్లో పట్టేస్తాడు. నాజిల్ విప్పి నంబరు చదివేవాడు ఎవడూ ఉండడు. అంత ఆలోచించి మరీ చేశాను. ఏటా నువ్వు నా దగ్గరికే తెచ్చేవాడివి. ఏటా వాటినే కడిగి, వాటినే బిగించి, తాళాలు నీ చేతిలో పెట్టేవాణ్ణి.

నీ రూటు పోయిన రోజు చెప్పేద్దామని వచ్చాను. నువ్వు నాకు మంచం వేసి, "వయసు మీద పడుతోంది బావమరిదీ" అని నవ్వావు. ఆ మాట చెప్పకుండానే తెల్లారి తిరిగొచ్చేశాను. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. నిజం చెప్పాలంటే, నువ్వు క్షేమంగా కాటా గదిలో కూర్చున్నావని కొన్ని రోజులు హాయిగా కూడా అనిపించింది. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఇందులో అక్కకి ఏమీ తెలియదు. ఆలోచన నాది, చెయ్యి నాది. తిట్టాలంటే నన్నే తిట్టు.

నీ బావమరిది

*

కాటా గది,
ఏప్రిల్ 15

ఉత్తరం అందింది.

తప్పు నాది కాదని అనను. ఆ రోజు రాయి లేదు. నేనే వేగంగా తిప్పాను, అబద్ధం చెప్పాను. ఆ మాట నువ్వు నా మొహం మీదే అనొచ్చు. అనలేదు. నా బండిని కుంటిదాన్ని చేసి, ఆ కుంటితనం నాదేనని నన్ను నమ్మనిచ్చావు.

లారీలవాళ్ళు తాబేలని పిలిచినప్పుడు ఒకసారి నువ్వూ పక్కనే ఉన్నావు. నువ్వూ నవ్వావు.

నాజిళ్ళు ఇక్కడే వేరేచోట సెట్ చేయించుకుంటాను. నాకు రాయకు.

*

పంపు షాపు,
ఏప్రిల్ 20

బావగారికి,

రాయొద్దన్నారు. ఇది ఉత్తరం కాదు, పార్శిల్‌తో వచ్చే కాగితం.

పెట్టెలో నాలుగు ఇంజెక్టర్లు ఉన్నాయి. నా దగ్గరున్న పాత ఇంజెక్టరు బాడీలకి, మీ ఇంజనుకి సరిపడే ఐదు చిల్లుల నాజిళ్ళు వేశాను. మీ ఇంజనుకి పడవని నేను చెప్పింది అబద్ధం. నాలుగూ ఒకే ప్రెషర్ దగ్గర తెరుచుకుంటాయి. ఒక్కోదానికి చీటీ కట్టాను, ఎంత దగ్గర తెరుచుకుందో రాశాను. నా మాట నమ్మక్కర్లేదు. మీ ఊళ్ళో ఏ టెస్టరు మీదైనా పెట్టించి చూడండి. నంబర్లు మీరే చదివించుకోండి. ఇవి కాక వేరేవి బిగించినా సరే, నాలుగూ సమానంగా లేకపోతే మాత్రం బండిని కొండ ఎక్కించకండి. ఒకటి ఎక్కువ పోస్తే పిస్టన్ కాలిపోతుంది.

బిగించే ముందు పాత రాగి వాషర్లు నాలుగూ బయటికి వచ్చాయో లేదో లెక్క చూడండి. ఒకటి ఇంజెక్టరు దిగే గుంతలోనే అతుక్కుని ఉండిపోతుంది, మసి పట్టి కనపడదు. దాని మీదే కొత్తది వేస్తే ఇంజెక్టరు ఎత్తుగా కూర్చుంటుంది, పక్కనుంచి మంట తంతుంది. టార్చి వేసి చూసి, వంచిన తీగతో లాగండి. నట్లు రెండువైపులా కొంచెం కొంచెంగా బిగించండి. కోపం నా మీద చూపించండి, నట్టు మీద వద్దు.

పైపుల్లో గాలి పోయాకే స్టార్ట్ చెయ్యండి.

మీ సమాధానం కోసం ఎదురుచూడను.

*

ఇంటి నుంచి,
మే 4

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ ఆయన ఉత్తరాలు పోస్టులో వేసిందీ, నీవి ఆయనకి అందించిందీ నేనే. ఒక్కటీ చదవలేదు. కిందటి వారం ఆయన చొక్కా ఉతకబోతే జేబులో నీ ఏప్రిల్ ఉత్తరం దొరికింది. చదివాను. ఇందులో అక్కకి ఏమీ తెలియదని రాశావు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముందు బండి సంగతి చెబుతాను, నీకు అదే ముందు కావాలి కదా. ఆయన పంతానికి ఇక్కడెవరి చేతో సెట్ చేయించిన నాజిళ్ళు వేశారు. స్టార్ట్ చేస్తే ఇంజను సుత్తితో కొట్టినట్టు మోగింది. నల్లటి పొగ, ఆరేసిన బట్టలన్నీ మళ్ళీ ఉతుక్కున్నాను. నీ పార్శిల్ వారం రోజులు మంచం కిందే ఉంది. ఎనిమిదో రోజు నోరు మెదపకుండా తీసుకెళ్ళి, ఎవరి దగ్గరో టెస్టరు మీద పెట్టించారు. నాలుగింటికీ ముల్లు ఒకే గీత దగ్గర ఆగిందట. ఇంటికొచ్చి భోజనం చేస్తూ "వాడి చెయ్యి మాత్రం..." అని అక్కడితో ఆపేశారు.

నువ్వు చెప్పిన వాషర్ మూడో గుంతలో నిజంగానే ఉండిపోయింది. నేనే టార్చి పట్టుకున్నాను. కాగితంలో కోపం గురించి నువ్వు రాసిన ముక్క దగ్గర ఆయన మూతి కొంచెం కదిలింది. నవ్వో తిట్టో నాకు తెలియలేదు.

బిగించడం అయ్యాక చేతులు తుడుచుకుంటుంటే చెప్పేశాను. "వాడు తనంతట తాను చెయ్యలేదు. వేగం తగ్గించమని వాడి దగ్గరికి వెళ్ళి అడిగింది నేను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నదీ నేనే" అన్నాను. ఆ మలుపు తర్వాత వారం రోజులు నాకు అన్నం లోపలికి పోలేదని, కళ్ళు మూస్తే లోయే కనపడేదని, అన్నీ చెప్పాను. ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు. అక్కడి నుంచే ఒక్క మాట అడిగారు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వినరనుకున్నాను."

"చెప్పి చూశావా?"

నేను చెప్పి చూడలేదు తమ్ముడూ. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన మాట వినే మనిషి కాదని నేనే తీర్మానం చేసుకుని నీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన పని పోతుందని ఆ రోజు నాకు తట్టలేదు. పోయాక చెప్పే ధైర్యం లేక, ఏమీ ఎరగనట్టు కాటా గదికి క్యారేజీ కట్టి పంపుతూ కూర్చున్నాను. నువ్వు నా మాట మోస్తున్నావని తెలిసి కూడా మోయనిచ్చాను. నన్ను క్షమించు.

మూడు రోజులైంది, నాతో మాట్లాడటం లేదు. పెట్టింది తింటున్నారు, మంచినీళ్ళిస్తే తాగుతున్నారు. పరీక్ష రోజు నేనూ బండెక్కుతానన్నాను. సరే అన్లేదు, వద్దనలేదు.

అక్క

*

ఇంటి నుంచి,
మే 11

బావమరిదీ,

నిన్న పరీక్ష అయింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. పని నాది. సోమవారం నుంచి కాటా గదిలో వేరేవాళ్ళు చీటీలు చింపుతారు.

మొదట్నుంచీ చెబుతాను. పొద్దున్నే ఆరు వందల కిలోల ట్రేలు ఎక్కించారు. మీ అక్క ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆఫీసరమ్మ వెనక సీట్లో, చేతిలో గడియారం. యాక్సిలరేటరు తొక్కగానే బండి ఒక్క ఉదుటున కదిలింది. పదకొండేళ్ళ కింద పోయిన నడక తిరిగొచ్చింది. మొదటి ఎత్తు మూడో గేరులోనే ఎక్కింది, పొగ లేదు, దడదడ లేదు. ఏ పాట గుర్తుకొస్తే అది పాడాలనిపించింది. వెనక ఆఫీసరమ్మ ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఇంక కల్వర్టు మలుపు వస్తోంది. నిజం చెబుతున్నాను, నేను తగ్గించలేదు. నలభై నిమిషాలు తప్పితే మళ్ళీ ఆ కుర్చీయే కదా, నా కాలు అలాగే ఉండిపోయింది. మీ అక్క డోరు హ్యాండిల్ పట్టుకుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. నోరు మాత్రం తెరవలేదు. ఎన్నేళ్ళ నుంచి ఆ హ్యాండిల్ అలా పట్టుకుని కూర్చుంటోందో ఏమో, నేను ఒక్కరోజు కూడా పక్కకి తిరిగి చూసిన పాపాన పోలేదు.

"భయమేస్తోందా?" అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత ఆవిడతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"చచ్చేంత భయమేస్తోంది. నెమ్మదిగా పోనివ్వండి" అంది.

కాలు తీశాను. రెండో గేరులో మలుపు తిప్పాను. రెండు నిమిషాలు పోయినట్టున్నాయి, పోతే పోయాయి. ఆ పై ఎత్తులో నీ నాజిళ్ళు మళ్ళీ అందుకున్నాయి. పైకి చేరాక ఆఫీసరమ్మ గడియారం చూపించింది. మీ అక్క బండి దిగి, పక్కకి వెళ్ళి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో నీకెందుకు!

ఇప్పుడు నీ సంగతి. నిన్ను క్షమించానని రాయాలని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. తొమ్మిదేళ్ళంటే తక్కువ కాదురా. పొద్దున లేవగానే కోపమొస్తుంది, బండి స్టార్ట్ చేయగానే కాస్త తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. అది నువ్వు భరించాల్సిందే. అక్క మాట దాచిపెట్టి తిట్లన్నీ నీ నెత్తిన వేసుకున్నావే, దానికి మాత్రం నిన్ను ఏమీ అనలేకపోతున్నాను. ఇంకోటి, నన్ను మీరు అని రాస్తే కాళ్ళు విరగ్గొడతాను.

ఆదివారం షాపు మూసి రా. నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని కొండెక్కిస్తాను. నువ్వు బిగించిన ప్రెషరే కదా, ఎలా లాగుతుందో నువ్వూ చూడాలి. దారిలో భయమేస్తే నోరు తెరిచి నాతో చెప్పు. తగ్గిస్తాను.

మీ బావ